నెమలివన్నె బెగోనియా: నీలి ఆకునకు చెప్పు కారణములపై ఒక విమర్శ

మలేషియా దేశమునందు, మలయా ద్వీపకల్పపు కామెరాన్ పర్వతప్రాంతములలో, ఎడతెగని తేమయు దట్టమైన నీడయు గల అడవులలో నేలనంటి పెరుగు ఒక చిన్న మొక్క కలదు. దాని ఆకు ఒక కోణమునుండి చూచినపుడు సామాన్యమైన ముదురాకుపచ్చగా నుండును. చూపు కొంచెము మారినంతనే అదే ఆకుపై నెమలికంఠమువంటి నీలము తళుక్కుమనును. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని బెగోనియా పవోనినా అందురు. లాటిన్ భాషలో 'పవో' అనగా నెమలి. సింగపూరు వృక్షోద్యానమునకు 1888 నుండి అధిపతిగా పనిచేసి, రబ్బరుచెట్లకు హాని కలుగకుండ పాలు తీయు పద్ధతిని ప్రచారము చేసిన హెన్రీ నికొలస్ రిడ్లీ 1909 లో ఈ జాతిని వర్ణించి ఈ పేరు పెట్టెను.

ఆకు నీలముగా నుండుట ఏల? ఈ ప్రశ్నకు ప్రజారంజకమైన వ్యాసములలో ఒక సులభమైన సమాధానము కనబడుచుండును: 'చీకటి అడవిలో ఎక్కువ వెలుతురును పట్టుకొనుటకై ఈ మొక్క తన ఆకులను నీలముగా మార్చుకొన్నది.' వినుటకు ఈ వాక్యము ముచ్చటగా నున్నది. విద్యార్థి దానిని వెంటనే జ్ఞాపకముంచుకొనును. కాని ఈ ఒక్క వాక్యములో మూడు దోషములు కలవు. నీలి వెలుతురు ఆకు పట్టుకొన్నది కాదు, వెనుకకు త్రిప్పివేసినది. మొక్క దేనినో కోరి తన్ను తాను మార్చుకొన్నదనుట శాస్త్రభాష కాదు. ఆకులోని ఒక భాగమునుగూర్చి ప్రయోగములో తేలిన సంగతిని మొత్తము మొక్కకు అంటగట్టుట మూడవ దోషము. ఈ మూడింటిని పరిశీలించుటకు మొదట మొక్కను, పిమ్మట రంగును, ఆ తరువాత ప్రయోగములను విడివిడిగా చూడవలెను.

మొక్క స్వరూపము

పుష్పించు మొక్కలలో మిక్కిలి పెద్ద ప్రజాతులలో బెగోనియా ఒకటి. ఇందు రెండు వేలకు మించిన జాతులు ఇంతవరకు వర్ణింపబడినవి. ఆసియా, ఆఫ్రికా, అమెరికా ఖండముల ఉష్ణప్రాంతములలో ఇవి వ్యాపించియున్నవి. విచిత్రమేమనగా, బెగోనియేసి కుటుంబములో ఇంత పెద్ద ప్రజాతికి తోడుగా నున్నది హిల్లెబ్రాండియా అను మరియొక ప్రజాతి మాత్రమే. అందు ఒకే జాతి, అదియు హవాయి ద్వీపములలోనే కలదు. ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు షార్ల్ ప్లూమియే, తన దేశపు రాజోద్యోగి యగు మిషెల్ బెగోన్ పేరుమీదుగా ఈ ప్రజాతికి నామకరణము చేసెను. 1753 లో లిన్నేయసు ఆ పేరునే స్వీకరించెను.

బెగోనియాను గుర్తుపట్టుటకు ఆకు చాలును. నడి ఈనెకు ఇరుప్రక్కల నుండు భాగములు సమానముగా నుండవు. ఒక ప్రక్క వెడల్పుగా పెరిగి, అడుగున తమ్మెవలె క్రిందికి జారియుండును. కాడ మొదట పత్రపుచ్ఛములు ఉండును. కాండము, ఆకుకాడ రసవంతములు. ఆ రసములో ఆక్సాలికామ్లము ఉండుటచే పుల్లగా నుండును. పువ్వులు ఏకలింగములు, అనేక జాతులలో మగపువ్వు, ఆడుపువ్వు ఒకే మొక్కపై పూయును. మగపువ్వు నడుమ పసుపుపచ్చని కేసరముల గుత్తి ఉండును. ఆడుపువ్వులో అండాశయము పరిపత్రములకు క్రిందుగా నుండును. సామాన్యముగా దానికి మూడు రెక్కలుండును. కీలాగ్రములు పసుపుపచ్చగా, మెలిదిరిగి, చూచుటకు కేసరములవలెనే ఉండును. పుప్పొడికై మగపువ్వుల చుట్టు తిరుగు తేనెటీగ ఈ పోలికచే మోసపోయి ఆడుపువ్వుపైనను వ్రాలును. ఆడుపువ్వులో దానికి దొరకునది సామాన్యముగా ఏమియు లేదు. పరాగసంపర్కము మాత్రము జరిగిపోవును. కాయ ఎండి పగిలినపుడు దుమ్మువంటి సన్నని గింజలు రాలును.

ఈ లక్షణములన్నియు ప్రజాతికి సామాన్యములు. బెగోనియా పవోనినాను ప్రత్యేకముగా నిలుపునది దాని ఆకు పైపొర. సాధారణముగా పాఠ్యగ్రంథములో ఆకు అడ్డుకోత పటములో పై బాహ్యచర్మము, దాని క్రింద హరితరేణువులు నిండిన పత్రాంతర కణజాలము, అన్నిటికి అడుగున క్రింది బాహ్యచర్మము చూపబడును. బాహ్యచర్మ కణములలో, పత్రరంధ్రముల రక్షకకణములలో తప్ప, హరితరేణువులుండవని విద్యార్థులు నేర్చుకొందురు. చాలా మొక్కలకు ఇది సరియే. అయితే ఈ బెగోనియాలో పై బాహ్యచర్మ కణములలోనే ఒక విశేషజాతి హరితరేణువులు కలవు. కథయంతయు వానిచుట్టే తిరుగును.

రంగు రెండు విధములు

ఒక వస్తువునకు రంగు రెండు విధములుగా కలుగవచ్చును. మొదటిది వర్ణకముచేత. పసుపుకొమ్ములోని పదార్థము తెల్లని వెలుతురులో కొన్ని తరంగదైర్ఘ్యములను శోషించి, మిగిలినవానిని విడిచిపెట్టును. దానిని దంచినను, నీటిలో కలిపినను పసుపు పసుపే. రెండవది కట్టడముచేత. సబ్బుబుడగపై కనబడు రంగులకు రంగుపదార్థమేదియు లేదు. పలుచని పొర పైముఖము నుండియు, అడుగుముఖము నుండియు తిరిగివచ్చు కాంతి తరంగములు కలిసి, కొన్ని వర్ణములు బలపడి, కొన్ని అణగిపోవును. దీనినే వ్యతికరణమందురు.

తెలుగువారికి నెమలికంఠపు రంగు పట్టుచీర పరిచితమే. పడుగునకు ఒక రంగు, పేకకు వేరొక రంగు దారము వేసి నేయుటచే, చీర మడత తిరిగినపుడు రంగు మారినట్లు తోచును. కాని అందు పనిచేయునవి రెండు అద్దకములు మాత్రమే. ఒక కోణమునుండి పడుగు, మరియొక కోణమునుండి పేక ఎక్కువగా కనబడును. నిజమైన నెమలి ఈకలో నీలిరంగు పదార్థమే లేదు. అందున్నది నలుపు గోధుమవన్నె గల మెలనిన్. దాని సూక్ష్మమైన కడ్డీలు క్రమముగా పేర్చబడియుండుటచే నీలము పుట్టును. ఈకను మెత్తగా నూరినచో నీలము పోయి మసకపొడి మిగులును. కావున కోణమును బట్టి రంగు మారినంతమాత్రమున కారణము ఒక్కటే యని నిర్ణయింపరాదు. చీరయు నెమలియు ఒకే వన్నె చూపును. లోని ఏర్పాటు వేరు. బెగోనియా ఆకు నెమలి పక్షమునకు చెందినది. అందు నీలివర్ణకము లేదు.

ఎంత సన్నని పొరలు నీలమును పుట్టించును? దీనిని హైస్కూలు విద్యార్థియే లెక్కకట్టవచ్చును. ఒకే దూరమున వరుసగా పేర్చిన పొరలపై కాంతి నిలువుగా పడినపుడు, పొరల దూరమును వక్రీభవనాంకముచే గుణించి, దానిని రెట్టింపు చేసినచో బలముగా పరావర్తనము చెందు తరంగదైర్ఘ్యము వచ్చును. కణములోని పదార్థమునకు వక్రీభవనాంకము సుమారు 1.4 అనుకొని, నీలికాంతి తరంగదైర్ఘ్యము 470 నానోమీటర్లుగా తీసికొన్నచో, పొరల దూరము 470 ని 2.8 చే భాగింపగా వచ్చు 168 నానోమీటర్లు కావలెను. ఇది మిల్లీమీటరులో ఆరువేలవ వంతు. కాంతి ఏటవాలుగా పడినపుడు బలపడు తరంగదైర్ఘ్యము తగ్గును. అందుచేతనే కోణము మారగా వన్నె మారును. ఇంత సన్నని క్రమమును సామాన్యమైన సూక్ష్మదర్శిని చూపజాలదు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కావలెను.

మొదటి సమాధానము, దాని పరీక్ష

నీలి ఆకులు ఈ బెగోనియాకే పరిమితములు కావు. ఉష్ణమండలపు వర్షారణ్యములలో, నేలమట్టమున పెరుగు పరస్పర సంబంధములేని మొక్కలలో ఈ వన్నె కనబడును. ఇంటర్మీడియట్ విద్యార్థులకు పేరు తెలిసిన సెలాజినెల్లాలోను ఇట్టి జాతులు కలవు. కౌలాలంపూరులోని మలయా విశ్వవిద్యాలయమునందు పనిచేయుచుండిన డేవిడ్ లీ, లౌరీ అను శాస్త్రజ్ఞులు 1975 లో 'నేచర్' పత్రికయందు రెండు సెలాజినెల్లా జాతులనుగూర్చి వ్రాయుచు, ఆకు ఉపరితలమునందలి పలుచని పొరల వ్యతికరణముచే నీలము పుట్టుచున్నదని చూపిరి. దానితోపాటు ఒక ఊహయు చేసిరి. కెమెరా కటకములకు పూయు పలుచని పూత కొన్ని తరంగదైర్ఘ్యముల పరావర్తనమును తగ్గించి, వెలుతురును లోనికి ఎక్కువగా పంపును. ఆకుపై పొరలును అట్లే ఎఱ్ఱని కాంతిని ఎక్కువగా లోనికి పంపుచుండవచ్చునని వారి అభిప్రాయము. ఎఱ్ఱని కాంతి కిరణజన్య సంయోగక్రియకు మిక్కిలి పనికివచ్చునది గనుక, ఊహ సమంజసముగనే ఉండెను.

ఊహ సమంజసముగా నుండుట వేరు, నిజమగుట వేరు. 2010 లో థామస్, మరికొందరు సెలాజినెల్లా విల్డెనోవియై అను జాతిలోని నీలి ఆకులను, నీలము లేని ఆకుపచ్చ ఆకులను తీసికొని, ఆ రెండింటి పరావర్తనమును కొలిచిరి. నీలము పోయిన ఆకులలో పొరల కట్టడమును లేకపోయెను. అనగా కట్టడమే రంగునకు కారణమన్నది స్థిరపడెను. కాని 600 నుండి 700 నానోమీటర్ల మధ్యనున్న ఎఱ్ఱని కాంతిని రెండు విధముల ఆకులును దాదాపు సమానముగనే పరావర్తనము చేసినవి. నీలిపొర ఎఱ్ఱకాంతి పట్టును పెంచునన్న భావమునకు ఆ ఫలితములు బలమీయలేదు.

ఇందువలన 1975 నాటి పని వ్యర్థమని తలచుట తప్పు. ఆ శాస్త్రజ్ఞులు కొలిచి పరీక్షింపదగిన ఊహ చేసిరి. ఎఱ్ఱకాంతి పరావర్తనము తగ్గవలెనని చెప్పుటచేతనే, తగ్గలేదని తరువాతివారు తేల్చగలిగిరి. 'ప్రకృతి వింత' అని మాత్రమే చెప్పి ఊరకున్నచో ఎవరును దానిని సరిచూడజాలరు. విమర్శకు నిలువని ఊహకన్న, విమర్శకే అందని మాట శాస్త్రమునకు ఎక్కువ చేటు.

బెగోనియా లోని వేరు ఏర్పాటు

సెలాజినెల్లా ఫలితమును బెగోనియాకు నేరుగా అన్వయింపవచ్చునా? వీలులేదు. 1996 లో కెవిన్ గౌల్డ్, డేవిడ్ లీ మలేషియా అడవుల నీడలో పెరుగు నాలుగు నీలి మొక్కలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించిరి. రెండు ఫెర్నులలో నీలము కణకవచపు పొరలనుండి పుట్టుచుండెను. బెగోనియా పవోనినాలోను, ఫిల్లాగాథిస్ రొటుండిఫోలియా అను మరియొక పూలమొక్కలోను మాత్రము అది బాహ్యచర్మ కణములలోని ప్రత్యేక హరితరేణువులనుండి పుట్టుచుండెను. వీనికి ఐరిడోప్లాస్టులని పేరు. చీరకును నెమలికిని ఉన్న భేదమువంటిదే ఇదియు. వన్నె ఒకటి, చేయు సాధనములు వేరు.

సామాన్యమైన హరితరేణువులో థైలకాయిడ్ పొరలు రూపాయి బిళ్లలవలె దొంతరలుగా పేర్చబడియుండును. ఆ దొంతరల ఎత్తులును, వాని నడుమ దూరములును ఒక క్రమములో ఉండవు. ఐరిడోప్లాస్టులో అట్లు కాదు. మూడు నాలుగు థైలకాయిడ్లు కలిసిన పలుచని దొంతర, దానిపై సుమారు నూరు నానోమీటర్ల ఖాళీ, మరల దొంతర, మరల ఖాళీ: ఇట్లు రేణువు పొడవునను సమదూరముతో సాగును. పైన లెక్కవేసిన నీలిపరావర్తనమునకు కావలసినది ఇట్టి క్రమమే. ఇక్కడ గమనింపవలసిన ముఖ్యవిషయము మరియొకటి కలదు. సెలాజినెల్లాలో నీలమును పుట్టించు పొర వెలుతురునకు దారి మాత్రమే. బెగోనియాలో నీలమును పుట్టించు పొరయే వెలుతురును శోషించి పనిచేయు పత్రహరితమునకు నిలయము. అద్దమును వంటపొయ్యియు ఒకటే యైనట్లున్నది.

2016 లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయమునకు చెందిన హీథర్ విట్నీ బృందమువారు ఇతరులతో కలిసి 'నేచర్ ప్లాంట్స్' పత్రికలో ఈ రేణువుల పనిని ప్రకటించిరి. వారు రెండు ఫలితములు చూపిరి. మొదటిది: క్రమబద్ధమైన పొరల వలన అడవి నీడలో ఎక్కువగా లభించు ఆకుపచ్చ ప్రాంతపు కాంతిశోషణము పెరుగును. రెండవది: వెలుతురు తక్కువగా నున్నపుడు ఈ రేణువుల క్వాంటం దిగుబడి నూటికి 5 నుండి 10 పాళ్లు హెచ్చుగా నుండును.

మొదటి ఫలితమునకు కారణము ఇది. వర్షారణ్యపు నేలకు పైనపడిన వెలుతురులో నూటికి ఒకటి రెండు పాళ్లు మాత్రమే చేరును. పైచెట్ల ఆకులు నీలమును, ఎరుపును ముందే హరించును. మిగిలి దిగువకు వచ్చు దృగ్గోచరకాంతిలో ఆకుపచ్చ పాలు హెచ్చు. ఐరిడోప్లాస్టు నీలమును త్రిప్పివేయుచున్నది. కాని అక్కడ నీలము అసలే స్వల్పము గనుక నష్టము స్వల్పము. త్రిప్పివేయబడు వర్ణములకు అంచున, ఎక్కువ తరంగదైర్ఘ్యముల వైపున, కాంతి పొరలనడుమ ఇటునటు పరావర్తనము చెందుచు మెల్లగా సాగును. దాని తీవ్రత పత్రహరితమున్న దొంతరలలోనే హెచ్చును. అందుచే ఆ కాంతి శోషింపబడు అవకాశము పెరుగును. అనగా ఆకునకు లాభము నీలమునుండి కాదు. నీలమునకు ప్రక్కనున్న ఆకుపచ్చనుండి. చూచువాని కంటికి కనబడు నీలము, ఆకు వాడుకొనక విడిచిన కాంతి. మొదట ఎత్తిచూపిన వాక్యములోని మొదటి దోషము ఇదియే.

ఐదు నుండి పది పాళ్లు: దేనిలో?

ఇప్పుడు సంఖ్యను విమర్శింపవలెను. 'నీలి ఆకు నూటికి పది పాళ్లు ఎక్కువ ఆహారము తయారుచేయును' అని ఎవరైనను వ్రాసినచో అది ప్రయోగము చెప్పని మాట. కొలిచినది ఐరిడోప్లాస్టుల దిగుబడి; మొత్తము ఆకుది కాదు. ఆకులో హరితరేణువులు ఎక్కువగా ఉండునది బాహ్యచర్మము క్రిందనున్న పత్రాంతర కణజాలములో. అక్కడివి సామాన్యమైన రేణువులే. కొలిచిన విధానమును పత్రహరితపు ప్రతిదీప్తి ద్వారా. శోషించిన కాంతిలో పనికి వినియోగపడనిది కొంత మందమైన ఎఱ్ఱకాంతిగా వెలువడును. దానిని కొలిచి, పనికి పోయినదెంతయో లెక్కకట్టుదురు. ఇది నమ్మదగిన పద్ధతియే. అయినను అది కిరణజన్య సంయోగక్రియలో తొలిమెట్టును చూపునుగాని, మొక్క ఎంత పెరిగినది, ఎన్ని గింజలు పెట్టినది చూపదు. పైగా ప్రయోగమునకు తీసికొన్న మొక్క బెగోనియా గ్రాండిస్, బెగోనియా పవోనినాల సంకరము. కామెరాన్ అడవిలో సహజముగా పెరుగు మొక్క కాదు.

ఒక ఉదాహరణ చూడుడు. ఈ అంకెలు కేవలము లెక్క కొరకు కల్పించినవి. ఆకు మొత్తము పనిలో ఐరిడోప్లాస్టుల వాటా పదింట ఒకటి యనుకొన్నచో, వానిలో నూటికి పది పాళ్ల లాభము ఆకు మొత్తము మీద నూటికి ఒక్కపాలే యగును. 'ఇంతేనా?' అని విద్యార్థి నిరుత్సాహపడవచ్చును. కాని విమర్శ రెండవవైపును చూడవలెను. నీడలోని ఆకు సంపాదనలో చాలా భాగము శ్వాసక్రియకే ఖర్చగును. ఆకు సంపాదన నూరు, శ్వాసక్రియ ఖర్చు తొంబది యనుకొన్నచో మిగులు పది. సంపాదన నూటఒకటి యైనచో మిగులు పదకొండు. సంపాదనలో ఒక్కపాలు హెచ్చినది, మిగులులో పదింట ఒకవంతు హెచ్చినది. బీదకుటుంబమునకు ఒక రూపాయి విలువ ఎంతయో, చీకటిలోని ఆకునకు ఒక కాంతికణపు విలువ అంత. కావున ఐరిడోప్లాస్టుల లాభమును అతిగా చెప్పుట ఎంత తప్పో, అది స్వల్పమని కొట్టివేయుటయు అంతే తప్పు. మొత్తము ఆకు గ్రహించు కార్బన్ డయాక్సైడును, నీలము గల మొక్కల, లేని మొక్కల పెరుగుదలను ఒకే నీడలో పోల్చి కొలిచినపుడే ఈ వాదము మొక్క జీవితము దాక చేరును. 2016 నాటి పని ఆ దారిలో బలమైన మొదటి అడుగు, గమ్యము కాదు.

క్వాంటమను మాట

ఆ ఫలితము వెలువడిన పిమ్మట ప్రజారంజక రచనలలో ఈ మొక్క 'క్వాంటం యంత్రశాస్త్రమును వాడుకొను మొక్క' అయినది. ఇది మాటపోలికచే కలిగిన భ్రమ. క్వాంటం దిగుబడి యనగా, శోషించిన నూరు కాంతికణములలో ఎన్ని రసాయనక్రియకు వినియోగపడినవో తెలుపు లెక్క. ఆ లెక్క ప్రతి ఆకునకు కలదు. పెరటిలోని తోటకూరకును కలదు. బెగోనియా విశేషము క్వాంటం దిగుబడి ఉండుటలో లేదు. మందవెలుతురులో అది కొంచెము హెచ్చుగా నుండుటలో కలదు. పొరల వ్యతికరణము పందొమ్మిదవ శతాబ్దపు కాంతిశాస్త్రముతోనే బోధపడును. గంభీరమైన పేరు తగిలించినచో పాఠకుడు ఆశ్చర్యపడును గాని, అతనికి తెలిసినది పెరుగదు. ఉపాధ్యాయుడు పారిభాషికపదమును వాడినపుడెల్ల, దానిని కొలుచు విధానమును వెంటనే చెప్పుట ఈ రోగమునకు మందు.

ఆకు అడుగున ఎరుపు

నీడలో పెరుగు అనేక బెగోనియాలకు ఆకు పైభాగమెట్లున్నను, అడుగుభాగము ఎఱ్ఱగా నుండును. అది కట్టడపు రంగు కాదు. ఆంథోసయనిన్ అను వర్ణకము. దీనికిని ఒక అందమైన వివరణము కలదు. 1979 లో లీ, లౌరీ, స్టోన్ అనువారు, ఆకు గుండ దూసుకొనిపోవు ఎఱ్ఱకాంతిని ఆ అడుగుపొర మరల పైకి త్రిప్పి పత్రహరితమునకు రెండవ అవకాశమిచ్చుచున్నదని సూచించిరి. 2008 లో హ్యూజెస్, ఆమె సహచరులు ఒక బెగోనియా జాతిని, మరియొక నీడమొక్కను తీసికొని ఈ ఊహను పరీక్షించిరి. ఫలితములు దానిని సమర్థింపలేదు.

సెలాజినెల్లా కథయు, ఈ కథయు ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక పాఠము బోధపడును. మొక్కలో ఒక వింతలక్షణము కనబడగానే 'ఇది దేనికి?' అను ప్రశ్న పుట్టుట సహజము. వెలుతురు కొరవడిన చోట పెరుగు మొక్క గనుక 'వెలుతురు కొరకు' అను సమాధానము నోటికి ముందుగా వచ్చును. మూడు సందర్భములలోను సమాధానము అదియే; కొలిచి చూడగా రెండింట నిలువలేదు, ఒకదానిలో కొంతవరకు నిలిచినది. మొదటి వాక్యములోని 'మార్చుకొన్నది' అను క్రియ ఇందుకే దోషము. మొక్క కోరదు, ఎంచుకొనదు. తరతరములుగా పుట్టిన భేదములలో కొన్ని ఎక్కువ సంతతిని విడిచిపెట్టుటచే నిలిచియుండును. కొన్ని లాభము లేకయే ఇతర లక్షణములతో జతగా నిలిచియుండవచ్చును. ఏది ఏ కోవకు చెందునో చెప్పవలసినది కొలత, కథ కాదు.

తరగతిగదిలో

ఈ చిన్న మొక్క పాఠ్యగ్రంథములలోని రెండు వాక్యములను సరిదిద్దుకొనుమని కోరుచున్నది. 'పత్రహరితము ఆకుపచ్చకాంతిని శోషింపదు. అది మొక్కకు పనికిరాదు' అనునది మొదటిది. ద్రావణములోని పత్రహరితము ఆకుపచ్చను తక్కువగా శోషించుట నిజమే. కాని నిండు ఆకులో కాంతి కణములనడుమ పలుమారులు చెదరుచు సాగును గనుక, దానిపై పడిన ఆకుపచ్చకాంతిలో సగమునకు మించి శోషింపబడును, పనికియు వచ్చును. తిరిగివచ్చు కొద్దిపాలే కంటికి పచ్చదనమగుచున్నది. 'హరితరేణువులన్నియు ఒకే విధముగా నుండును' అనునది రెండవది. పుస్తకములోని పటము ఒక నమూనా మాత్రమే. మొక్క పెరుగు చోటును బట్టి, కణమును బట్టి రేణువు లోపలి ఏర్పాటు మారును. ఐరిడోప్లాస్టు అందుకు స్పష్టమైన నిదర్శనము.

బెగోనియా పవోనినా మలయా అడవి మొక్క. తెలుగు పల్లెలలో దొరకదు. అందుచే పాఠము ఆగనక్కరలేదు. పూలకుండీలలో పెంచు బెగోనియాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పట్టణముల నర్సరీలలో దొరకును. ఒక కుండీ చాలును. విద్యార్థులు ఆకును నడి ఈనె వెంబడి మడచి రెండు భాగముల అసమత్వమును చూడవచ్చును. మగపువ్వును ఆడుపువ్వును వేరుపరచి, కేసరములకును కీలాగ్రములకును గల పోలికను గుర్తింపవచ్చును. అండాశయమును అడ్డముగా కోసి గదులను లెక్కింపవచ్చును. అస్సాము ప్రాంతమునకు చెందిన బెగోనియా రెక్స్ వంశపు కుండీమొక్కల ఆకులపై వెండివంటి మచ్చలుండును. బాహ్యచర్మమునకును దాని క్రింది కణములకును నడుమ గాలి చేరిన చోట వెలుతురు చెదరి ఈ వెండివన్నె పుట్టును. ఇదియు కట్టడపు రంగే. కాని నెమలివన్నెవలె వ్యతికరణముచే పుట్టినది కాదు. దానిప్రక్కన ఒక సబ్బుబుడగను, ఒక నెమలికంఠపు పట్టుగుడ్డను ఉంచి, 'వీనిలో రంగునకు కారణము ఎందెట్లున్నది?' అని అడిగినచో విద్యార్థులు వర్ణకమును, కట్టడమును తామే వేరుపరచుట నేర్తురు.

అట్టి తరగతిలో ఉపాధ్యాయుడు 'ఆకు నీలముగా ఏల నున్నది?' అను ఒక ప్రశ్నను మూడుగా విడదీయవలెను. నీలము ఎట్లు పుట్టుచున్నది? సమదూరపు థైలకాయిడ్ దొంతరలపై వ్యతికరణముచే. ఇది స్థిరపడిన సంగతి. ఆ దొంతరలు వెలుతురును ఏమిచేయుచున్నవి? నీలమును త్రిప్పివేసి, ఆకుపచ్చను ఎక్కువగా శోషించి, మందవెలుతురులో ఆ రేణువు దిగుబడిని 5 నుండి 10 పాళ్లు పెంచుచున్నవి. ఇది ప్రయోగములో తేలిన సంగతి. అందువలన అడవిలోని మొక్క బ్రతుకు ఎంత మెరుగైనది? దీనికి సమాధానము అడవిలోనే కొలిచి చెప్పవలెను. మొదటి రెండింటి బలమును మూడవదానికి అరువిచ్చి చెప్పు వాక్యము ఎంత చక్కగానున్నను శాస్త్రవాక్యము కాదు. ఈ మూడు మెట్లను వేరుగా చూపగలిగినచో, నెమలివన్నె బెగోనియాను ఎన్నడును చూడని విద్యార్థికి కూడ ఆ మొక్క సరియైన పాఠమునే నేర్పగలదు.